సూది పెట్టని తోరణం

లీలావతి ట్రంకుపెట్టె వాకిట్లో ఉంది.

పొద్దున దాన్ని అక్కడికి తెచ్చింది ఆమె తండ్రి ఇశ్రాయేలు. లోపలికి ఈడ్చుకుపోయింది ఆమె అత్త దేవమ్మ. ఇశ్రాయేలు మళ్ళీ తెచ్చి పెట్టాడు. ఈసారి దేవమ్మ పెట్టెను ముట్టుకోలేదు. పీట తెచ్చి గడపలో వేసుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“పెట్టె కావాలంటే పట్టకపో తమ్ముడా. మనిషి మాత్రం ఈ గడప దాటదు.”

“మనిషి నా కూతురక్కా.”

“నా కొడుకు పెళ్ళాం.”

“కొడుకుంటే గదా, పెళ్ళాం ఉండేది.”

అన్నాక ఇశ్రాయేలు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దేవమ్మ తలెత్తి గుమ్మం మీది తోరణాన్ని చూసింది, అంతే.

లోపల లీలావతి పొయ్యి దగ్గర జొన్న సంగటి కెలుకుతోంది. తెడ్డు ఆగితే తను వింటున్న సంగతి తెలిసిపోతుందని, అవసరం లేకపోయినా కెలుకుతూనే ఉంది.

ఆ తోరణాన్ని చూడటానికి ఊళ్ళో ఆడవాళ్ళు పని మానుకుని వచ్చేవారు. మూడు లుంగీలను జడలా అల్లి గుమ్మానికి వేలాడదీసిన తాడు. దాని పొడవునా పువ్వులు. నీలిచారల చొక్కాను అడ్డంగా మడిచి, కింది అంచు నుంచి సన్నగా చుట్టుకుంటూ వచ్చి, మెలిపెట్టి, గుండ్రంగా తిప్పి, రెండు చేతులూ అడుగున ముడివేస్తే రోజాపువ్వు. తువ్వాలుకు కుచ్చిళ్ళు పోసి నడుమ బిగిస్తే విసనకర్ర. ఖాకీ నిక్కర్లు ఆకులు. నట్టనడుమ, అన్నిటికంటే పెద్దది, తెల్ల పంచెను గంజిలో ముంచి పొరలు పొరలుగా విప్పదీసిన పువ్వు. అది దేవమ్మ కొడుకు ప్రభాకరం పెళ్ళినాటి పంచె.

అన్నీ ప్రభాకరం బట్టలే. పట్టాళంలో చేరి సింగపూరు పోతూ వదిలివెళ్ళినవి. యుద్ధం ముగిసింది. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. అతను రాలేదు.

ఆ బట్టల మీద దేవమ్మ కత్తెర పెట్టలేదు, సూది పెట్టలేదు. ఊరెళ్ళినవాడి బట్టలో సూది గుచ్చితే, ఎక్కడున్నా వాడి ఒంట్లో గుచ్చుకుంటుందని ఆమె తల్లి చెప్పేది. కొడుకు రైలెక్కిన రోజునే ఇంట్లో ఉన్న ఒక్క సూదినీ దూలం సందులో గుచ్చి, “వాడొచ్చిందాకా ఇది ఆడే ఉంటది” అని కోడలికి చూపించింది. అప్పటినుంచి అత్తాకోడళ్ళ చీరల చిరుగులు కూడా ముడులతోనే గడుస్తున్నాయి.

“పెట్టెలో పెడితే చచ్చినోడి బట్టల్లాగుంటయే లీలా. కళ్ళెదురుగా ఉండాల” అని ఒకరోజు మొదటి చొక్కా బయటికి తీసింది. అక్కణ్ణుంచి అది ఆగలేదు.

రాజారత్నం వచ్చేసరికి ఎండ వాకిట్లోకి పాకింది. ఆయన దేవమ్మకు మరిది, ఊళ్ళో సంఘ పెద్ద. చంకలో బైబిలు ఉంది. పెట్టెను చూసి, దాన్ని చుట్టి వచ్చి, నాపరాయి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏంది వదినా ఇది? ఊరంతా చూస్తా ఉంటే గడపలో కూచుంటావా?”

“చూడనీ. దొంగతనం చేశానా?”

“ఆ పిల్ల మొహం చూశావా ఎప్పుడన్నా? ఎట్టా ఎండిపోయిందో?”

“నేను చూడక నువ్వు చూశావా? రాత్రింబగళ్ళు నా పక్కనుండేది అదే.”

రాజారత్నం గొంతు తగ్గించాడు. “వచ్చే ఆదివారం ఆదరణ కూడిక పెడదాం వదినా. పాదిరి అయ్యగారు గురజాల నించి వస్తానన్నారు.”

“ఎవరికి ఆదరణ?”

“నీకే.”

“నాకేమొచ్చింది?”

రాజారత్నం బైబిలును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఇశ్రాయేలే అందుకున్నాడు.

“వాడితో పట్టాళంలో ఉండొచ్చిన ఖాసిం చెప్పింది నీ చెవులతోనే విన్నావు గదక్కా. వెల్దుర్తి దాకా నడిచిపోయి మరీ విన్నావు.”

“విన్నా. ఖైదు పట్టినోళ్ళు జొరంతో ఉన్నోళ్ళని అడివిలోనే వదిలేసి మిగతావాళ్ళని తోలకపోయారన్నాడు. మీవోడు లేచి కూచుని నీళ్ళడిగాడన్నాడు. చచ్చాడన్నాడా?”

“తల్లి మొహం మీద ఎట్టా అంటాడు?”

“అనలా. అంతే.”

ఒళ్ళు దొరకని మనిషికి ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. కృష్ణలో కొట్టుకుపోయినవాళ్ళ కాలం నుంచి వస్తున్నది. ఆ మనిషి బట్టలను చాప మీద పరుస్తారు. చుట్టూ కూర్చుని ప్రార్థన చేస్తారు; అదే ఆదరణ కూడిక. తర్వాత ఒక్కొక్క బట్టా లేనివాళ్ళకు ఇచ్చేస్తారు. చివరిది చేతులు మారాక ఆ మనిషి పోయినట్టే. బట్టలు ఇవ్వకపోతే కూడిక లేదు. కూడిక జరగకపోతే లీలావతికి మళ్ళీ పెళ్ళి చెయ్యడానికి అయ్యగారు ఒప్పుకోరు. ఇశ్రాయేలు ఊరు ఎడ్లపాడులో, భార్య పోయిన బడిపంతులు ఒకాయన చంటిపిల్లలతో ఎదురుచూస్తున్నాడు.

“ఆ బట్టలు ఇయ్యి వదినా” అన్నాడు రాజారత్నం. “కంట్రోలు కొట్టులో మూర గుడ్డ దొరకటల్లా. పిల్లలు మొండిమొలలతో తిరుగుతన్నారు ఊళ్ళో. నువ్వు చూస్తే చొక్కాలు తీసకపోయి గుమ్మానికి కడితివి.”

దేవమ్మకు ఆ మాట తగిలింది. ఆమె చెయ్యి చీర కొంగు మీద ఉన్న ముడిని తడిమింది.

“గుమ్మానికి కట్టినా అయ్యి చొక్కాలే రాజారత్నం. ముడి విప్పితే చొక్కా. నా కొడుకొచ్చి తొడుక్కునే చొక్కా.”

ఇశ్రాయేలు లేచి, ఇంటి పక్కనుంచి తిరిగి, పెరటి వైపు పంచలో పొయ్యి దగ్గరికి వచ్చాడు. కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నువ్వన్నా ఒక్కమాట చెప్పమ్మా. నువ్వొస్తానంటే మీ అత్త అడ్డం లేస్తది.”

“రానని చెప్తానే ఉండా గదా నాయనా.”

“వాడు బతికుండాడంటావా?”

“తెలీదు.”

“తెలీకుండా ఎన్నాళ్ళే ఇట్టా?”

“తెలీకుండా ఇంకొకరింట్లో పొయ్యి ఎట్టా అంటించను నాయనా?”

ఇశ్రాయేలు కళ్ళు చూసి లీలావతి పొయ్యిలోకి ఒక పచ్చికట్టె తోసింది. పొగ లేచింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన వాకిట్లోకి తిరిగి వచ్చేసరికి గోడ అవతల ఇరుగుపొరుగు నలుగురు చేరారు. పక్కింటి నాగమ్మ నీళ్ళబిందె చంకన పెట్టుకుని ఆగిపోయింది. ఆమె మొగుడు బక్కయ్య రాళ్ళ గనిలో పనికి పోతాడు. ఆమె బిడ్డ పోయి ఇంకా నెల కాలేదు. అప్పటినుంచి ఆమె ఎక్కడ మనుషులుంటే అక్కడ ఊరకే నిలబడిపోతోంది.

“సరే అక్కా” అన్నాడు ఇశ్రాయేలు. “విప్పితే చొక్కా అన్నావు. విప్పు.”

“ఏంది?”

“విప్పి చూపించు. వాడు వదిలిపోయినయ్యి వదిలిపోయినట్టుంటే, ఈ పెట్టె నా చేతులతో లోపల పెట్టి ఎడ్లపాడు పోతా. మళ్ళీ ఈ మాటెత్తను. ఒక్కటి చినిగినా, ఒక్కటి తగ్గినా, అయ్యి వాడి కోసం దాచిన బట్టలు గావు. ఆదివారం చాప మీద పరుద్దాం.”

“మాట మీదుంటావా?”

“దేవుడి ముందర అంటన్నా.”

“రాజారత్నం, విన్నావు గదా?”

“విన్నా.”

దేవమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి గోడ అవతలి ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆమె లేచి, పీట జరిపి, లోపలికి కేకేసింది.

“లీలా! తోరణం దించవే.”

లీలావతి తెడ్డు చేతిలోనే పట్టుకుని వచ్చింది. “అత్తా, వద్దు.”

“ఎందుకే? మళ్ళీ కట్టుకోవాలనా? కట్టుకుందాం లే. పోతే గంజి పోద్ది, ఇంకేం పోద్ది?”

“వద్దత్తా. చెప్తన్నా గదా.”

“ఏందే నీ భయం? నేనున్నా.”

దేవమ్మ తనే తోరణం దించింది.

దేవమ్మ ఖాసిం కోసం వెల్దుర్తి వెళ్ళిన రోజున జరిగిందది. నాగమ్మ బిడ్డ తెల్లారేసరికి పోయింది. బక్కయ్య కంట్రోలు కొట్టుకు పోయి, వంతు రాలేదనిపించుకుని ఉత్త చేతులతో వచ్చాడు. బిడ్డ ఒంటి మీద ఏమీ లేదు. జొన్నల గోతాం దులిపి వాకిట్లో పరిచారు. గోతాం దుమ్ము లేచి నాగమ్మ తుమ్మింది. ఏడుపు మధ్య ఆ తుమ్ము విని లీలావతి గోడ పక్కన నిలబడలేకపోయింది. ఇంట్లోకి వచ్చింది. తన చీర రెండు చోట్ల ముడి. అత్త చీరా అంతే. తెల్లబట్ట ఇంట్లో ఒక్కటే ఉంది.

పంటితో అంచు కొరికి చించింది. ఆ చప్పుడు పెద్దగా వచ్చింది. మిగిలిన సగానికి వదులుగా కుచ్చిళ్ళు పోసి, పొరలు దూరం దూరంగా లాగి, అంతే పువ్వు చేసి, ఉన్నచోటే కట్టింది.

“ఇది వాడినట్టుందేందే?” అని దేవమ్మ అడిగింది, వచ్చిన మర్నాడు.

“గంజి పోయుంటదిలే అత్తా.”

దేవమ్మ ఆ రోజు ఖాసిం మాటల్లో మునిగి ఉంది. మళ్ళీ అడగలేదు. చెప్పాలని లీలావతి చాలాసార్లు నోరు తెరిచింది. కొడుకు పంచె సగం శవంతో మట్టిలోకి పోయిందని ఆ మనిషికి ఎట్లా చెప్పడం?

రాజారత్నం లోపలినుంచి చాప తెచ్చి పరచబోయాడు.

“చాప తియ్యి” అంది దేవమ్మ, గడపలో పీట మీద మళ్ళీ కూర్చుంటూ. “నా ఒళ్ళోనే విప్పుతా.”

మొదట జడ విప్పింది. మూడు లుంగీలు మూడుగా వచ్చాయి. తర్వాత నీలిచారల చొక్కా. అడుగు ముడి లాగగానే రోజాపువ్వు తనంతట తనే తిరుగుతూ విచ్చుకుంది. ఒంటినిండా ముడతలు, కానీ చొక్కా చొక్కాయే. దేవమ్మ దాని రెండు భుజాలూ పట్టి పైకెత్తింది. కాసేపు అక్కడ ఒక మనిషి నిలబడినట్టే ఉంది.

రాజారత్నం దాన్ని తీసుకుని ఎండకు పట్టి చూశాడు. “గుండీ లేదు వదినా.”

“లేకేం. వాడు సంగటి తినను పొమ్మని పరిగెత్తితే నువ్వే గదా గల్లా పట్టుకుని లాగింది. నీ ఇంట్లోనే యాడో ఉంటది, ఎతుక్కో.”

గోడ అవతల నవ్వులు. “నిక్కరు గూడా చూడు పెద్దయ్యా, వెనకమాల చిల్లుందేమో” అని ఎవరో అన్నారు. ఖాకీ నిక్కరును రాజారత్నం అటూ ఇటూ తిప్పి చూసి, చూడకుండానే ఉంటే బాగుండేదన్నట్టు మడిచేశాడు.

తువ్వాలు, ఇంకో తువ్వాలు, చొక్కా, చొక్కా. ఒక్కొక్కటీ విప్పుతుంటే దేవమ్మ వీపు నిటారుగా అవుతూ వచ్చింది. “ఇది నరసరావుపేటలో కొన్నది.” “ఇది దొరసాని బడిలో ఆటకిచ్చింది.” ఇశ్రాయేలు వింటూ వింటూ వెళ్ళి పెట్టె చెవి పట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఓడిపోవడం కూడా ఒక రకంగా ఆయనకు తేలికగానే ఉన్నట్టుంది.

ఒళ్ళో తెల్ల పువ్వు ఒక్కటే మిగిలింది.

“పెళ్ళి పంచె” అంది దేవమ్మ. “ఇది నువ్వు విప్పు లీలా. నీదిది.”

లీలావతి కదల్లేదు.

“రావే.”

“నేను విప్పనత్తా.”

దేవమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది. సిగ్గనుకుంది. పువ్వును తిప్పి, అడుగున ముడి కోసం వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

దేవమ్మ వేసే ముడి కుడి నుంచి ఎడమకు బిగుస్తుంది. ఇది ఎడమ నుంచి కుడికి ఉంది.

ఆమె తలెత్తలేదు. అందరూ చూస్తున్నారు. అక్కడ ఆగి, పువ్వును కొంగు కింద పెట్టుకుని లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో. ఆమె ముడి లాగింది.

పంచె సగమే వచ్చింది. ఒక కొస ఎర్రంచు. రెండో కొస వట్టి పోగులు.

గోడ అవతల నవ్వులు ఆగిపోయాయి.

“మిగతాది యాడుందే?”

లీలావతి చేతిలో తెడ్డు మీది సంగటి ఎండి పెచ్చులు కట్టింది. ఆమె దాన్ని గోటితో గీకుతోంది.

“నిన్నే అడిగేది. మిగతాది యాడుంది?”

“నా కాడుంది పెద్దమ్మా.”

అన్నది నాగమ్మ. బిందె కింద పెట్టి, వాకిట్లోకి వచ్చి, దూరంగానే నిలబడింది.

“నా బిడ్డకి చుట్టాం. గోతాంలో పెట్టబోతంటే అక్క తెచ్చిచ్చింది. మీ అబ్బాయిదని నాకు తెలీదు పెద్దమ్మా. ప్రమాణపూర్తిగా తెలీదు. తెలిస్తే గోతాంలోనే పెట్టేవాళ్ళం.”

రాజారత్నం నోట్లోంచి “ప్రభువా” అన్న మాట ఊపిరిలా వచ్చింది. ఇశ్రాయేలు పెట్టె చెవిని వదిలేశాడు.

లీలావతి ఎదురుచూస్తోంది. కొడుతుందని, జుట్టు పట్టుకుంటుందని, కనీసం తిడుతుందని. దేవమ్మ ఆమె వైపే చూడలేదు. నాగమ్మను చూస్తూ అడిగింది.

“సరిపోయిందా?”

“ఆ?”

“బిడ్డకి. సరిపోయిందా?”

“సరిపోయింది పెద్దమ్మా.” అంది నాగమ్మ. “చిన్నబిడ్డ గదా. మిగిలితే ఇంకో రెండు చుట్లు తిప్పాం.”

దేవమ్మ తల ఊపింది. ఒళ్ళో ఉన్న సగం పంచెను మోకాలి మీద పరిచింది. చినిగిన కొసను అరచేత్తో నిమిరింది. పోగులు ఊడి వేళ్ళకు చుట్టుకున్నాయి. ఆ కొసను సన్నగా ఒక మడత వేసింది. దాని మీద ఇంకో మడత. అంచు కుట్టడానికి సిద్ధం చేసే మడత అది. అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలిసిన మడత.

“ఇట్టా వదిలేస్తే పోగంతా పోతది” అంది, ఎవరితోనో కానట్టు. తర్వాత మామూలు గొంతుతో, ఉప్పు అడిగినట్టు అడిగింది.

“లీలా, సూది తియ్యి.”

రాజారత్నం మెల్లగా తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అత్తా...”

“దూలం సందులో ఉంది. తియ్యి.”

లీలావతి లోపలికి వెళ్ళింది. మంచం పట్టె మీదికి ఎక్కి, దూలం సందులోకి చెయ్యి పెట్టింది. బూజు. దుమ్ము. దాని వెనక వేలికి సన్నగా, గరుకుగా తగిలింది. తుప్పు పట్టింది కానీ గట్టిగానే ఉంది. రెండు వేళ్ళతో పడితే వచ్చేస్తుంది.

ఆమె వేళ్ళు దాని మీద ఉన్నాయి. ఎక్కడో అడవిలో జ్వరంతో లేచి కూర్చుని నీళ్ళడిగిన మనిషి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. సరిగ్గా గుర్తు రాలేదు. మెడ మీది పుట్టుమచ్చ మాత్రం గుర్తొచ్చింది.

చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

“లేదత్తా.”

“ఉంది. చూడు.”

“చూశా. తుప్పు పట్టి రాలిపోయుంటది. లేదు.”

దేవమ్మ తల తిప్పి, గుమ్మంలోంచి, చీకట్లో నిలబడ్డ కోడలిని చూసింది. పంచె విప్పిన తర్వాత ఆమెను చూడటం అదే మొదలు. చాలాసేపు చూసింది. లీలావతి కుడిచేతి వేళ్ళ కొసలు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. ఆమె ఆ చేతిని కొంగులో దాచుకుంది.

వాకిట్లో ఇశ్రాయేలు చెప్పులు విడిచాడు. పొడగరి మనిషి. ఆ ఇంట్లోకి ఎప్పుడొచ్చినా తలవంచుకుని రావాల్సిందే. దూలం అందుకోవడానికి ఆయనకు మంచం అక్కర్లేదు.

ఆయన గడప దగ్గరికి వచ్చి ఆగాడు. దేవమ్మ మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చింది.

లీలావతి మంచం పట్టె దిగింది. దిగి, దూలం కిందనే, తండ్రికి ఎదురుగా నిలబడింది.